ఎర్రచుక్క, నీలంచుక్క
పదకొండో భాగం

ఇంతవరకు జరిగింది ఇది. కోడూరులో మురుగు కాలువ గట్టు పక్కన హేమ షెడ్డులో ఇరవై నాలుగు గొర్రెలున్నాయి. దివిసీమలో తిరిగే గొర్రెలకు ఉన్ని ఉండదు, మేకకు ఉన్నట్టు పొట్టి వెంట్రుక ఉంటుంది. ఇవి అవి కావు. నల్ల ఉన్ని పెరిగే దక్కనీ గొర్రెలు. తొమ్మిదిమంది ఆడవాళ్ళ ఉన్ని సంఘం నిరుడు అక్టోబరులో అనంతపురం వైపు నుంచి తెప్పించింది. పన్నెండింటికి నుదుట ఎర్రచుక్క వేసి వేరుశనగ చెక్క, వరిగడ్డి పెట్టారు. పన్నెండింటికి నీలంచుక్క వేసి, చెక్క మానేసి, అవిసె ఆకు, వరిగడ్డి పెట్టారు. చెక్క కొనకుండా ఆకు మీదే ఉన్ని తీయొచ్చా అన్నది హేమ ప్రశ్న. మార్చిలో కత్తెర వేసినప్పుడు తీయొచ్చని తేలింది. జులై మొదటి వారంలో నీలంచుక్క గొర్రెల ఉన్ని దానంతటదే ఊడటం మొదలైంది. ఊరు రోగమంది. సంఘం అధ్యక్షులు శేషాచలం మాస్టారు గొర్రెల్ని కోతకు అమ్మేయాలని తీర్మానం రాశారు. బుధవారం పొద్దున గుడివాడ నుంచి లారీ వచ్చింది.

లారీ వెనక్కి తిరిగి, షెడ్డు గేటుకు రెండు గజాల దూరంలో ఆగింది. హేమ ఆ రెండు గజాల్లో నిలబడింది.

మహేష్ క్యాబిన్‌లోంచి దిగాడు. గుడివాడలో అతనికి మాంసం కొట్టు ఉంది. 

"పక్కకు జరగండి మేడమ్. తలుపు దింపాలి."

"దింపొద్దు."

"మాస్టారు రమ్మన్నారండి. డీజిలు పోసుకుని వచ్చాను."

"మాస్టారు రమ్మంటే వచ్చావు. నేను పొమ్మంటే పో. రోడ్డు అదే."

మహేష్ నవ్వాడు. నవ్వి, బానెట్‌కు ఆనుకుని ఫోన్ తీశాడు. తొందరేం లేదన్నట్టు నిలబడ్డాడు. గొడవలు తెగేదాకా ఆగటం అతనికి అలవాటే.

గట్టు మీద అయ్యప్ప మంద ఆగి ఉంది. నూట నలభై నెల్లూరు గొర్రెలు, ఒక్కోదాని నడుం మీద జాజు పట్టీ. ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి వేసే గుర్తు అది. వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే గుర్తు. అయ్యప్ప కర్ర చంకలో పెట్టుకుని గట్టు దిగాడు. వెనక మరో అయిదుగురు దిగారు. అందరికీ గొర్రెలున్నాయి.

"హేమమ్మా, నీ మీద నాకు కోపం లేదు," అన్నాడు అయ్యప్ప. "బొబ్బరోగం వచ్చిన ఏడు మా దొడ్లో అరవై ఒకటి పోయినయ్. గొయ్యి తవ్వటానికి చేతులు లేక పొక్లెయిను పిలిపించాం. అది చూసినోణ్ణి. మళ్ళీ చూడను."

"బొబ్బరోగం అయితే జ్వరం ఉండాలి కదా బాబాయ్. మూతి మీద పొక్కులుండాలి. ఒక్కదానికైనా ఉన్నాయా? మేత మానేసిందా ఒక్కటైనా?"

"లేవు. మరి ఒంటి మీద బొచ్చు ఊరికే ఊడిద్దా?"

"పశువుల ఆస్పత్రి డాక్టరు గారు ఏమన్నారు?"

"బొబ్బ కాదనే అన్నారు. కాయితం మీద రాయమంటే చర్మం గీరి ల్యాబుకు పంపించాను, రిపోర్టు రానీ అన్నారు. ఎప్పుడొచ్చిద్దీ అంటే పదిహేను రోజులన్నారు. పదిహేను రోజుల్లో నా మంద తుడిచిపెట్టుకుపోయిద్ది."

అతని మాటలో అబద్ధం లేదు. హేమకు అది తెలుసు. అందుకే నాలుగు రాత్రులుగా ఆమెకు సరిగ్గా నిద్ర లేదు. ఎదుటివాడు అబద్ధమాడుతుంటే ఎదురు తిరగటం తేలిక.

శేషాచలం మాస్టారు ఆటో దిగారు. గుడ్లవల్లేరు నుంచి బస్సులో అవనిగడ్డ వచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో తీర్మానం. హేమకు హైస్కూల్లో మూడేళ్ళు సైన్సు చెప్పారు. ఉన్ని సంఘం పెడతామని ఆమె వెళ్ళి అడిగినప్పుడు, కాగితాలన్నీ ఆయనే రాశారు. అధ్యక్షులుగా ఉండమంటే ఉన్నారు. గొర్రెల నుదుట చుక్కలు పెట్టమన్నదీ ఆయనే. ఒంటి మీద వేస్తే ఉన్నితో పాటు పోతుందన్నారు. ఆ రోజు హేమ అత్తగారు ప్రభావతి అరుగు మీంచి చూసి, "మన ఇంట్లో మనుషులకే బొట్టు లేదు. గొర్రెలకు పెడుతున్నారా మాస్టారూ? పాస్టర్ గారు చూస్తే వాటికి కూడా బాప్తిస్మం ఇస్తానంటారు," అంది. మాస్టారు చాలాసేపు నవ్వారు.

ఇవాళ నవ్వలేదు. "హేమా, గేటు తియ్యమ్మా," అన్నారు.

"తియ్యను మాస్టారూ."

"తీర్మానం అయింది. తొమ్మిదిమందిలో ఆరుగురు సంతకం పెట్టారు."

"పెట్టారు. నేను పెట్టలేదు. పెట్టినవాళ్ళు గొర్రెల్ని చూసి పెట్టారా, మిమ్మల్ని చూసి పెట్టారా?"



హేమ గేటు కడ్డీ మీద చెయ్యి వేసి అందరి వైపూ తిరిగింది. "ఒక్కసారి లోపలికి చూడండి. షెడ్డు ఒకటే. నీళ్ళ తొట్టి ఒకటే. రాత్రిపూట అన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. నీలంచుక్కవి పన్నెండు. ఏడింటికి వీపు బయటపడింది. మిగతా అయిదింటికి పట్టుకుంటే ఉన్ని చేతికొస్తోంది. ఎర్రచుక్కవి పన్నెండు. ఒక్కదానికీ ఏమీ కాలేదు. అంటురోగమైతే ఎర్రవాటిని ఎందుకు వదిలింది? రోగానికి రంగులు తెలుసా బాబాయ్? నుదుటి మీద చుక్క చూసి అంటుకుంటుందా?"

వెనకున్న అయిదుగురిలో ఒకతను నవ్వాడు. అయ్యప్ప తిరిగి చూసేసరికి ఆపేశాడు.

"రోగానికి తెలియదు," అంది హేమ. "మేతకు తెలుసు. నీలంచుక్కవి తిన్నది ఎర్రచుక్కవి తినలేదు. తేడా అదొక్కటే."

"అదే నేనూ రాశాను," అన్నారు మాస్టారు కవరు ఎత్తి. "అవిసె ఆకు పడలేదు. ప్రయోగం విఫలమైంది. ఇందులో నీ తప్పు ఉందని నేను రాయలేదు."

"అవిసె ఆకు నవంబరు నుంచి మే దాకా తిన్నాయి మాస్టారూ. మార్చిలో తూకం వేసింది మీరే. ఎర్రచుక్కవాటికి తలకు మూడువందల ఎనభై గ్రాములు. నీలంచుక్కవాటికి నాలుగువందల పది. అప్పుడు పడిన ఆకు ఇప్పుడెందుకు పడలేదు?"

ఆమె లోపలికి వెళ్ళి ఒక గోనె సంచి ఈడ్చుకొచ్చింది. సంచి మీద నల్ల సిరాతో 'అవిసె' అని రాసి ఉంది. 

మేలో వచ్చిన గాలికి ఘంటసాల వైపు ఆకుతోటలు పడిపోయాయి. తమలపాకు తీగ పాకేది అవిసె చెట్ల మీదే. తోటలతో పాటు అవీ పోయాయి, ఆకు దొరకలేదు. మాస్టారు గుడివాడలో ఒక వర్తకుడికి ఫోన్ చేశారు. జూన్ ఇరవైన పద్దెనిమిది సంచుల ఎండు ఆకు వచ్చింది. సంచుల మీద అవిసె అని ఉంది కాబట్టి హేమ అవిసె అనుకుంది.

"నేను విప్పి చూడలేదు," అంది. "పేరు చదివి పెట్టేశాను. అది నా తప్పు. ముందు అది చెప్తున్నాను."

సంచి తిరగేసింది. ఆకు నలిగి పొడైపోయి ఉంది. అడుగున చేరిన వాటిని చేత్తో వేరు చేసి, మూడు కాయలు తీసి మాస్టారి చేతిలో పెట్టింది. బెత్తెడు పొడుగు. బొటనవేలు వెడల్పు. బల్లపరుపుగా ఉన్నాయి. లోపలి గింజలు పైకి వరసగా ఉబ్బి కనిపిస్తున్నాయి.

"అవిసె కాయ ఎంతుంటుంది మాస్టారూ?"

ఆయన కాయను ఎండకు ఎత్తి చూశారు. కళ్ళజోడు సర్దుకున్నారు. "మూరెడుంటుంది. సన్నంగా, పుల్లలాగా."

"ఇదేంటి?"

"సుబాబుల్," అన్నారు.

"కాగితం మిల్లుల వాళ్ళు కొనే కర్రేగా?" అన్నాడు అయ్యప్ప.

"అదే బాబాయ్. అవనిగడ్డలో రిటైరైన పశువుల డాక్టరు గారికి మొన్న రాత్రి ఫోన్ చేశాను. సుబాబుల్ ఆకులో ఒక పదార్థం ఉందిట. కొంచెం తింటే ఏమీ కాదు. మేతలో సగం అదే అయితే ఉన్ని కుదుళ్ళు పనిచెయ్యటం ఆపేస్తాయి. గుర్రం తింటే జూలు ఊడిపోతుందన్నారు. ఆకు ఆపితే పదిహేను రోజుల్లో మళ్ళీ మొలుస్తుందన్నారు. నాలుగు రోజుల కిందటే ఆపేశాను. ఇప్పుడు అన్నీ కలిసి ఉత్త వరిగడ్డే తింటున్నాయి."

"వర్తకుడు మోసం చేశాడన్నమాట," అన్నాడు మహేష్ బానెట్ దగ్గర్నుంచి.

హేమ మాస్టారి వైపు చూసింది. ఇక్కడ ఆగిపోవచ్చు. వర్తకుడి మీద పడేసి ఊరుకుంటే మాస్టారి పరువు మాస్టారికుంటుంది. కానీ తీర్మానం ఆయన చేతిలోనే ఉంది, లారీ తలుపు ఇంకా గేటుకు ఎదురుగానే ఉంది.

"వర్తకుడికి నిన్న ఫోన్ చేశాను," అంది. "అవిసె ఆకు లేదని మాస్టారికి ముందే చెప్పానన్నాడు. చెప్తే, 'ఆ కుటుంబంలో చెట్టు ఏదున్నా పర్వాలేదు, పంపు' అన్నారుట. అన్నారా మాస్టారూ?"

గట్టు మీద గొర్రె ఒకటి దగ్గింది. 

"అన్నాను," అన్నారు మాస్టారు.

"ఎనిమిదో తరగతిలో మీరే చెప్పారు. కందీ, చింతా, తుమ్మా, అన్నీ ఒకే కుటుంబమని. నేను పరీక్షలో రాస్తే అయిదుకు అయిదు వేశారు."

"కుటుంబం ఒకటే హేమా. అందులో తప్పు లేదు."

"కుటుంబం ఒకటైతే గుణం ఒకటవుతుందా? కందిపప్పు వండుకుంటున్నాం కదా అని తుమ్మకాయలు వండుకుంటామా?"

"ఒకే కుటుంబంలో ఎలాంటివాళ్ళుంటారో నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ," అంది ప్రభావతి అరుగు మీంచి. ఆమె ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరూ చూడలేదు.

మాస్టారు కాయల్ని జేబులో వేసుకున్నారు. కవరులోంచి తీర్మానం తీసి, నాలుగు మడతలు పెట్టి, అదీ జేబులో వేసుకున్నారు. "ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పాను," అన్నారు. "పిల్లలెవరూ ఇలా తిప్పి అడగలేదు. మహేష్, నువ్వు వెళ్ళవయ్యా. డీజిలు ఖర్చు నేనిస్తాను."

"ఆగండి," అన్నాడు అయ్యప్ప.

అతను గేటు దాటి లోపలికి వెళ్ళాడు. హేమ ఆపలేదు. ఆపితే దాచినట్టవుతుంది. "ఎర్రచుక్కవాటికి ఏమీ కాలేదన్నావు. నా కళ్ళతో చూసుకోనీ." దగ్గరలో ఉన్న ఎర్రచుక్క గొర్రెను కాళ్ళ మధ్య పట్టి, భుజం మీద చెయ్యి వేసి లాగాడు.

గుప్పెడు ఉన్ని చేతికొచ్చింది. కింద చర్మం కనిపించింది.

అయ్యప్ప ఆ గుప్పెడూ పైకెత్తి చూపించాడు. గట్టు దిగిన అయిదుగురూ ఒక అడుగు వెనక్కి వేశారు. మహేష్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడేం చెప్తావమ్మాయ్?" అన్నాడు అయ్యప్ప. "దీనికీ ఆకు పెట్టావా?"

"లేదు," అంది హేమ. ఇది ఆకు తినలేదు. దీని ముందు చెక్క పెట్టింది తనే, రోజూ, రెండు పూటలా. ఇది ఆకు తినకపోతే తను ఇప్పటిదాకా చెప్పిందంతా తప్పు. అయ్యప్పది ఒప్పు.

ఆమె ఆ గొర్రెను చూసింది. ఎడమ చెవి కొసన చీలిక ఉంది. లారీ ప్రయాణంలో నీరసించి వచ్చింది ఇదే. అక్టోబరులో నాలుగు రోజులు లేచి నిలబడలేదు.

"ఎస్తేరు," అంది ప్రభావతి.

అందరూ అటు చూశారు.

ఆమె అరుగు దిగి వచ్చింది. అరవై రెండేళ్ళ ఆవిడ. గొర్రెలు వచ్చిన రోజే ఆ షెడ్డులో కాలు పెట్టనని ఊరందరి ముందూ చెప్పింది. సంఘంలో చేరమంటే చేరలేదు. మేకలైతే పాలన్నా ఇచ్చేవి, ఈ బొచ్చు ఎవరు కప్పుకుంటారీ ఉక్కలో అని చర్చిలో కూడా అంది.

"దాని పేరు ఎస్తేరు. నేనే పెట్టాను. ఆకు కూడా నేనే పెట్టాను."

"అత్తయ్యా?"

"ఏం, అలా చూస్తావు? నువ్వు పొద్దున్నే బందరు బస్సెక్కిన రోజుల్లో ఎవరు చూశారు దీన్ని? పక్కనున్నవాటికి ఆకు, దీనికి చెక్కా? చెక్క ముట్టేది కాదు. మూతి అటు పెట్టి ఏడ్చేది. సంచి మూతి విప్పి ఉంటే కొంగులో పోసుకొచ్చి పెట్టాను. పొద్దున ఒక కొంగు, సాయంత్రం ఒక కొంగు. మూడు వారాలు."

"షెడ్డులో కాలు పెట్టనని అన్నారుగా వదినా," అన్నాడు అయ్యప్ప.

"పెట్టలేదు. గోడ మీంచి పెట్టాను. గోడకు కాలుందా?"

మాస్టారు తల దించుకున్నారు. ఆయన భుజాలు కదిలాయి. అయ్యప్ప నవ్వలేదు.

"కోడలి మీదకి లారీ వచ్చి నిలబడితే అత్త ఏ మాటైనా చెప్పిద్ది. దాన్ని నేను సాక్ష్యం అనుకోవాలా?"

ప్రభావతి కొంగు ముందుకు తెచ్చి, చివర ముడి విప్పి, అతని ముందు దులిపింది. పొడి నేల మీద రాలింది. అందులో చిట్టి ఆకులు కొన్ని నలగకుండా ఉన్నాయి, ఒక్కోటి వడ్లగింజంత.

"ఇదుగో. ఇవాళ్టిది. ఆకు ఆపేసిందిగా ఈవిడ. నాలుగు రోజులుగా అడుగు బొడుగు ఊడ్చి పెడుతున్నాను. అబద్ధమాడితే నా కోడలి కోసం ఆడతానని నువ్వన్నావు చూడు అయ్యప్పా, ఆ మాట బాగుంది. కానీ ఈ గొర్రెల విషయంలో నేను దాని మాట ఒక్క రోజూ వినలేదు. ఊరందరికీ తెలుసు."

హేమకు ఆవిడ మీద అరవాలనిపించింది. ఎనిమిది నెలల లెక్కలో ఒక గొర్రెను పాడుచేసింది ఆవిడ. అదే గొర్రెతో ఇప్పుడు ఆమె మాటను నిలబెట్టింది కూడా. ఎర్రచుక్కదే అయినా, ఆకు తిన్నది కాబట్టి ఊడింది. ఇంతకన్నా రుజువు ఆమె కావాలని చేసినా దొరికేది కాదు.

"పదిహేను రోజులు ఇవ్వు బాబాయ్," అంది. "నీ మందను అప్పటిదాకా అటు గట్టుకు తోలుకో. వీటిని ఈ గేటు దాటనివ్వను. పదిహేనో రోజున నువ్వే వచ్చి చూడు. కొత్త ఉన్ని మొలవకపోతే లారీని నేనే పిలుస్తాను. నేనే ఎక్కిస్తాను."

అయ్యప్ప ఆలోచించాడు. ఎస్తేరును వదిలాడు. "ఒక్క ఎస్తేరుకే పెట్టారా వదినా? ఇంక దేనికీ పెట్టలేదా?"

"ఇంక దేనికీ పెట్టలేదు. దేవుడి మీద ఒట్టు."

"అయితే ఇంకొకటి చూసి వెళ్తాను."

అతను మూలనున్న ఎర్రచుక్క గొర్రె దగ్గరకు వెళ్ళాడు. వంగి, నడుం మీద ఉన్ని పట్టుకుని లాగాడు.

వచ్చింది. మొదటిదాని కన్నా తేలిగ్గా వచ్చింది.

ప్రభావతి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నేను కాదు," అంది. "హేమా, దీన్ని నేను ముట్టుకోలేదు."

"మహేష్, తలుపు దించు," అన్నాడు అయ్యప్ప.

గొలుసు తీసిన చప్పుడు వినిపించింది. హేమ ఆ చప్పుడు వైపు తిరగలేదు. గొర్రె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని ముఖం రెండు చేతుల్తో పట్టుకుంది. నవంబరులో చుక్కలు వేసింది ఎనామిల్ పెయింటుతో. ఎనిమిది నెలలకు ప్రతి చుక్కా పెచ్చులు కట్టి, అంచులు లేచి ఉంది. దీని చుక్క పెచ్చు కట్టలేదు. అంచు నున్నగా ఉంది.

బొటనవేలితో రుద్దింది. రంగు వేలికి అంటుకుంది. వాసన చూసింది. పెయింటు వాసన లేదు. తడిసిన మట్టి వాసన వచ్చింది.

జాజు.

మళ్ళీ రుద్దింది. ఎరుపు కింద నీలం కనిపించింది.

జాజు ఆ ఊళ్ళో గడపలకు పూసే ఇళ్ళున్నాయి, మందకు గుర్తు వేసే దొడ్లున్నాయి. హేమ అయ్యప్ప వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. లేచి నిలబడి, షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు, ఎర్రచుక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది.

ఆమె వేసింది పన్నెండు. ఉన్నవి పదమూడు.

లారీ తలుపు నేలకు ఆనింది. మహేష్ గేటు వైపు రెండడుగులు వేశాడు.

"అత్తయ్యా," అంది హేమ, బొటనవేలు అందరికీ కనిపించేలా ఎత్తి. "గేటు మూసి గొలుసు వెయ్యి. ఈ జాజు ఎవరి చేతులకు ఉందో చూడందే ఇక్కణ్ణుంచి గొర్రే కదలదు, మనిషీ కదలడు."

ప్రభావతి తొమ్మిది నెలల్లో మొదటిసారి ఆ షెడ్డులో కాలు పెట్టింది. గేటు మూసింది.